మామ్మ కట్టిచ్చిన సామల మూట

(2025 ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను ఈ రోజు విదేశీ చదువుల గురించి మాట్లాడమన్నారు. స్కాలర్‌షిప్‌కి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి, వీసాకి ఏమేం కాగితాలు కావాలి, ఇంగ్లీషు పరీక్ష ఎలా రాయాలి అన్నవన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాక విడిగా కూర్చుని చెప్తాను. ఎవరికి ఏ సందేహం ఉన్నా అడగండి. ఇప్పుడు మాత్రం అక్కడ నేను గడిపిన ఒకే ఒక్క రోజు గురించి చెప్తాను. రెండేళ్ళ చదువులో నాకు ఎక్కువ నేర్పింది ఆ రోజే. అది కూడా తరగతి గదిలో కాదు, ఒక తిండి పండుగలో.

మాది హుకుంపేట మండలంలో ఒక చిన్న ఊరు. మీలో చాలామందిలాగే ఆశ్రమ పాఠశాలలో చదివాను, తర్వాత గురుకులం, ఆ తర్వాత విశాఖపట్నంలో ఇంజనీరింగ్. 2023 సెప్టెంబరులో పర్యావరణ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్సీ చెయ్యడానికి ఇటలీలోని ట్యూరిన్ నగరానికి వెళ్ళాను.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఇంట్లో ఒకటే సర్దుడు. అమ్మ పచ్చళ్ళు, కారప్పొడి పెట్టింది. నాన్న పసుపు, మిరియాలు పెట్టాడు. అంతా అయ్యాక మా మామ్మ ఒక పాత చీర ముక్కలో మూట కట్టి తెచ్చింది. అందులో దంచిన సామ బియ్యం, రెండు సోలలుంటాయి. "అక్కడ కడుపులో బాగోకపోతే జావ కాసుకో" అంది. సరే అని పెట్టెలో పెట్టుకున్నాను.

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. ఆ మూటని ట్యూరిన్‌లో నా గది అలమరాలో, పాస్తా ప్యాకెట్ల వెనక పెట్టాను. ఏడాదిపాటు దాన్ని విప్పలేదు. మర్చిపోయి కాదు. మా వంటిల్లు ఆరుగురికి ఉమ్మడి. ఎవరైనా చూసి ఇదేంటని అడిగితే చెప్పడం ఇష్టం లేక.

ఆ ఇష్టం లేకపోవడం ఇటలీలో మొదలవలేదు. విశాఖలో హాస్టల్లో ఉన్నప్పుడు ఒకసారి ఇంటి నుంచి సీసాలో చోడి అంబలి తెచ్చుకున్నాను. పక్క మంచం అమ్మాయి చూసి "ఇదేంటే, సిమెంటు కలిపి తెచ్చావా?" అంది. గదిలో అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు నాకిప్పుడు కోపం లేదు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను, అదే నాకు గుర్తుంది. ఆ సాయంత్రం అంబలి బాత్రూంలో పారబోసి సీసా కడిగేశాను. మళ్ళీ ఎప్పుడూ తెచ్చుకోలేదు. మీలో ఎంతమంది సీసాలు అలా కడిగారో నాకు తెలీదు. చేతులెత్తమని అడగను.

ఇక ఆ పండుగ దగ్గరికి వస్తాను. ట్యూరిన్‌లో రెండేళ్ళకోసారి ‘టెర్రా మాద్రే’ అనే పెద్ద ఆహార ఉత్సవం జరుగుతుంది. టెర్రా మాద్రే అంటే నేల తల్లి. దాన్ని జరిపేది ‘స్లో ఫుడ్’ అనే సంస్థ. 1986లో రోమ్ నగరం నడిబొడ్డున ఒక ఫాస్ట్‌ఫుడ్ హోటల్ పెడుతుంటే, మా ఊళ్ళ వంటలు, మా పంటలు ఏమైపోవాలని కొంతమంది నిరసన చేశారు. అక్కడ మొదలైన ఆలోచన నుంచి కార్లో పెట్రీని అనే ఆయన నాయకత్వంలో ఈ సంస్థ పెరిగింది. మొదటి టెర్రా మాద్రే 2004లో జరిగింది. వందకు పైగా దేశాల నుంచి రైతులు, జాలర్లు, పశువుల కాపర్లు, ఆదివాసులు వస్తారు. 2015లో ఆదివాసుల కోసం ప్రత్యేకంగా జరిపిన టెర్రా మాద్రే మన దేశంలోనే, మేఘాలయలోని షిల్లాంగ్‌లో జరిగింది. ఈ సంగతులన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు నేను వెళ్ళింది మాత్రం లోపలికి టికెట్టు లేదని, రుచి చూడ్డానికి ముక్కలు ఊరికే పెడతారని. నెలాఖరు, చేతిలో డబ్బుల్లేవు. విద్యార్థుల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

2024 సెప్టెంబరు 28, శనివారం. ఉత్సవం జరిగేది పార్కో దోరా అనే చోట. ఒకప్పుడు అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ, టైర్ల ఫ్యాక్టరీ ఉండేవి. అవి మూతబడ్డాక ఆ స్థలాన్ని పార్కు చేశారు. ఎత్తయిన ఇనుప స్తంభాలు ఎర్ర రంగుతో ఇప్పటికీ అలాగే నిలబడి ఉంటాయి. వాటి కింద బారుగా దుకాణాలు. జున్నులు, తేనెలు, ఎండబెట్టిన చేపలు, రకరకాల చిక్కుడు గింజలు, మిరపకాయలు. మన పాడేరు సంత గుర్తొచ్చింది. సంతలోలాగే ఎవరి సరుకు ముందు వాళ్ళే కూర్చున్నారు, పండించినవాళ్ళే అమ్ముతున్నారు.

నాతో మా తరగతి ఇటలీ అమ్మాయి వచ్చింది. ఒకచోట పెద్ద రాగి పాత్రలో మొక్కజొన్న పిండి ఉడుకుతోంది, ఒకాయన పొడుగాటి కర్రతో తిప్పుతున్నాడు. దాన్ని పోలెంటా అంటారు. చూస్తే అచ్చం మన సంకటే, రంగే పసుపు. ఒక పళ్ళెం ఐదు యూరోలు, అంటే అప్పట్లో సుమారు 460 రూపాయలు. జనం వరసలో నిలబడి కొనుక్కుంటున్నారు. మా స్నేహితురాలు నవ్వి, "మా అమ్మమ్మ బతికుంటే ఇది చూసి తిట్టేది. చిన్నప్పుడు పేదరికంలో మూడు పూటలా ఇదే తిన్నదట. పెద్దయ్యాక పోలెంటా ముట్టుకోలేదు" అంది.

అప్పుడు తను చెప్పిన కథ మీరు శ్రద్ధగా వినండి. మొక్కజొన్న యూరప్‌ది కాదు. అమెరికా ఖండాల ఆదివాసులు వేల ఏళ్ళ కిందట గడ్డి జాతి మొక్క నుంచి సాధించిన పంట అది. కొలంబస్ ప్రయాణాల తర్వాత ఆ గింజ యూరప్‌కి వచ్చింది. బాగా పండింది. ఉత్తర ఇటలీ పేద రైతులు మిగతావి వదిలేసి అదొక్కటే తినే పరిస్థితి వచ్చింది. దాంతో పెల్లాగ్రా అనే రోగం వచ్చింది. చర్మం పగిలిపోవడం, విరేచనాలు, ఆఖరికి మతి చెడిపోవడం, చావు. 18, 19 శతాబ్దాల్లో అక్కడ చాలామంది దానికి బలయ్యారు. కారణం ఏమిటంటే, మొక్కజొన్నలో బి3 అనే విటమిన్ ఉన్నా మన ఒంటికి పట్టే రూపంలో ఉండదు.

మరి వేల ఏళ్ళుగా అదే తిన్న అమెరికా ఆదివాసులకు ఆ రోగం ఎందుకు రాలేదు? జవాబు నాలుగు దుకాణాల అవతలే కనపడింది. మెక్సికో నుంచి వచ్చిన ఒకావిడ మొక్కజొన్న రొట్టెలు చేస్తోంది. పక్కన గిన్నెలో గింజలు నానుతున్నాయి. ఏ నీళ్ళని అడిగాను. సున్నపు నీళ్ళంది. సున్నంతోగాని బూడిదతోగాని ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. వాళ్ళ ముత్తాతల కాలం నుంచి అదే పద్ధతి. అలా చేస్తే ఆ విటమిన్ విడివడి ఒంటికి పడుతుంది. వాళ్ళకి విటమిన్ అన్న మాట తెలీకపోవచ్చు. పని మాత్రం తెలుసు. సముద్రం దాటి వచ్చినవాళ్ళు గింజ పట్టుకుపోయారు. గింజతోపాటు ఉండే తెలివిని ఎవరూ అడగలేదు. అడగనందుకు వేరే ఖండంలో వేరే పేదవాళ్ళు చచ్చిపోయారు.

నేను అక్కడే నిలబడిపోయాను. మన దగ్గర కూడా అలాంటి తెలివి ఎంత ఉందో ఆలోచించండి. అడవిలో చేదు దుంప తవ్వి తెస్తే అలాగే తినం. సన్నగా తరిగి, బుట్టలో వేసి, పారే గెడ్డలో రాత్రంతా ఉంచితే దాని విషం పోతుంది. వెదురు కొమ్ములు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తాం. మామిడి టెంకలు ఎన్నో రోజులు నానబెట్టి, నీళ్ళు మార్చి, అప్పుడే పిండి చేస్తాం. తొందరపడినా, పిండి చెడిపోయినా ప్రాణం మీదికొస్తుందని పెద్దవాళ్ళకు తెలుసు. ఎన్ని రోజులో, ఎన్నిసార్లో నాకు తెలుసా? తెలీదు. మా అమ్మకి కొంత తెలుసు. మా మామ్మకి పూర్తిగా తెలుసు. అంటే ఒక్కో మెట్టు దిగేకొద్దీ తెలివి సగమైపోతోంది. నా దగ్గరికి వచ్చేసరికి ఎమ్మెస్సీ ఉంది, టెంక పిండి లేదు.

మధ్యాహ్నం దాటాక ఒక పెద్దావిడ దుకాణం దగ్గర ఆగాను. యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. నీలం రంగు బట్టలు, అంచులకి ఎర్ర పట్టీలు. ఆవిడ సామీ జాతి మనిషి. సామీలంటే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తర కొసల్లో ఉండే ఆదివాసులు. రెయిన్‌డీర్లని మేపుతారు. పొగబెట్టి ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం ముక్క చేతిలో పెట్టింది. నోట్లో పెట్టుకోగానే మన ఇళ్ళల్లో పొయ్యి పైన ఎండబెట్టే మాంసం రుచి తగిలింది. ఆ మాటే చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నువ్వూ ఆదివాసివా? మీ వాళ్ళు ఏం తింటారు?" అంది.

నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "రైస్, దోశ, బిర్యానీ, చికెన్ కర్రీ."

ఆవిడ నవ్వింది. "అది ఇండియన్ రెస్టారెంట్ వాళ్ళ పట్టిక. మా దగ్గర టౌన్లో కూడా ఒకటుంది. నేనడిగింది మీ అమ్మమ్మ పొయ్యి మీద ఏముంటుందని."

"మిల్లెట్స్" అన్నాను. ఆవిడ వదల్లేదు. ఏ మిల్లెట్? ఎన్ని రకాలు? ఎప్పుడు చల్లుతారు? విత్తనం ఇంట్లో ఎవరు దాస్తారు? ఒక్కదానికీ సరైన జవాబు లేదు నా దగ్గర. "ఇంటర్నెట్లో చూసి చెప్తాను" అన్నాను. నిజంగా అదే అన్నాను. దానికి ఆవిడ కోప్పడలేదు. నెమ్మదిగా, "మీ ఇంటి సంగతి ఇంటర్నెట్లో ఎవరు రాసి ఉంటారమ్మా?" అంది.

తర్వాత తన సంగతి చెప్పింది. వాళ్ళ అమ్మని చిన్నప్పుడే బోర్డింగ్ స్కూల్లో వేశారట. అక్కడ సామీ భాష మాట్లాడనివ్వలేదట. సెలవులకి ఇంటికొస్తే చుట్టంలా ఉండేదట. పిల్లలకి ఏమీ నేర్పలేకపోయింది, ఎందుకంటే తనకే ఎవరూ నేర్పలేదు. ఈవిడ ముప్ఫై ఏళ్ళప్పుడు వాళ్ళ అమ్మమ్మ చెల్లెలి దగ్గర కూర్చుని మాంసం కొయ్యడం, పొగబెట్టడం, వాటి పేర్లు అన్నీ నేర్చుకుంది. "అడగడానికి నాకు ఒక్క మనిషి మిగిలింది. నీకెంతమంది ఉన్నారు?" అంది.

లెక్కపెట్టాను. మా మామ్మ, మా మేనత్త, మా ఊళ్ళో ఇంకో ఇద్దరు ముసలమ్మలు. నలుగురు.

మన ఆశ్రమ పాఠశాలలని నేను తప్పు పట్టడం లేదు. అవి లేకపోతే నేనీ వేదిక మీద లేను. కానీ జూన్ నుంచి ఏప్రిల్ దాకా మనం హాస్టళ్ళలో ఉంటాం. చల్లేటప్పుడు ఉండం, కలుపు తీసేటప్పుడు ఉండం, కోసేటప్పుడు ఉండం. వేసవి సెలవులకి వచ్చేసరికి పొలం ఖాళీగా ఉంటుంది. పన్నెండేళ్ళు అలా గడిచాక మనం కూడా ఇంటికి చుట్టాలమే.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ ఐదు, ఇక్కడ ఎనిమిదిన్నర. నాన్న ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం బడి పక్క దిబ్బ ఎక్కాడు, వెనకాలే అమ్మ వచ్చింది.

"ఏటే, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగుందా?"

"బాగుందమ్మా. మన సామలు ఎన్ని రకాలు? విత్తనాలు ఎక్కడ పెట్టారు?"

"సామలా? మూడేళ్ళైంది మానేసి. మొన్న కొత్తకి కూడా సంతలోనే కొన్నాం."

కొత్త అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కొత్త గింజ దేవతకి పెట్టకుండా మనం నోట్లో పెట్టుకోం. ఆ సామ కొత్తకి, కొండ మీద ఉన్న మా ఇంట్లో, సంతలో కొన్న సామలు.

"మరి నాకు కట్టిచ్చినవి?" అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అవే ఆఖరివి. విత్తనాలకి బుర్రలో దాచింది మీ మామ్మ. ఎలాగూ చల్లట్లేదు కదా, పిల్లైనా తింటాదని దంచేసి నీకు కట్టింది" అంది.

ఇంజనీరింగ్ చదివినవాళ్ళకే కాదు, ఇక్కడున్న ఏ రైతుకైనా తెలుసు, దంచిన గింజ మొలవదని. మా ఇంటి నల్ల సామ, మా తాత తండ్రి కాలం నుంచి చేతులు మారుతూ వచ్చిన విత్తనం, ఏడాదిగా నా అలమరాలో పాస్తా ప్యాకెట్ల వెనక ఉంది. దాన్ని తినగలను, చల్లలేను.

ఆ రాత్రి మూట విప్పాను. కాస్త మక్కు వాసన వచ్చింది. కడిగి, జావ కాశాను. మర్నాడు వీడియోలో మామ్మకి చూపిస్తే, "నీళ్ళెక్కువ పోసేవు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఉమ్మడి వంటింట్లో నాతోపాటు ఉండేవాళ్ళు ఏంటని అడిగారు. ఆ రోజు చెప్పాను.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథలా ఉంటుంది. కానీ మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. తర్వాతి వారం ఫోన్లో, "మళ్ళీ సామ వేద్దాం, అది మన సంస్కృతి" అని నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ అంతా విని, "ఆ గొప్పలు చెప్పినోళ్ళని వచ్చి రోకలి పట్టమను. నువ్వొచ్చి దంచుతావేటి?" అంది.

అమ్మ మాటలో న్యాయం ఉంది. సామ గింజ చాలా చిన్నది, పొట్టు గట్టిది. ఒక పూట కూటికి గంటల తరబడి దంచాలి. ఆ దంపుడంతా ఆడవాళ్ళ భుజాల మీదే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా మామ్మ ఏడుస్తూ తీసుకోలేదు, సంతోషంగా తీసుకుంది. ఆకలి తీరింది, రోకలి బరువు తగ్గింది. తర్వాత ఆ పోడు చెక్కలో కాఫీ వేశాం. నా చదువులో సగం ఆ కాఫీ డబ్బే. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది మనకి గౌరవమే. కాఫీని, రేషన్ బియ్యాన్ని తిట్టి సామలకి దండ వెయ్యమని నేను చెప్పను. అయితే కాఫీ అమ్ముకునే పంట. ఒక ఏడాది ధర పడిపోతే దాన్ని ఉడకబెట్టుకుని తినలేం. ఉన్నదంతా ఒకే గింజ మీద పెడితే ఏమవుతుందో ఆ పోలెంటా పాత్ర దగ్గర విన్నాను. సుమారు వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అదే తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల. మన తల్లుల ఎముకలు అరిగిపోతున్నాయని టాబ్లెట్లు రాస్తున్నారు. పాత పళ్ళెంలో ఏముండేదో కూడా అడగాలి కదా.

ఈ సంక్రాంతికి నేను రాలేకపోయాను. అమ్మనే జి.మాడుగుల వైపు మా మేనత్త ఊరికి పంపించాను. అత్త దగ్గర నల్ల సామ ఉంది. పొయ్యి పైన, పొగ తగిలేచోట, ఎండిన ఆనపకాయ బుర్రలో బూడిద కలిపి దాచింది. పురుగు పట్టకుండా అదే మందు. ఒక కుంచం కొలిచి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదట. "పండితే రెండు కుంచాలు తియ్యి. ఒకటి నాకు తిరిగియ్యి. రెండోది నాకొద్దు, నిన్ను ఎవరు అడిగితే వాళ్ళకియ్యి" అందట. ఎలా చల్లాలో కూడా చెప్పి పంపింది. సామలో కందులు కలిపి చల్లాలి. సామ ముందు చేతికొస్తుంది, కంది నిలబడి సంక్రాంతి దాకా ఉంటుంది. ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది. ఈ మాటలన్నీ నేను ఫోన్లో విని ఒక పుస్తకంలో రాసుకున్నాను. మా అత్త చదువుకోలేదు. నేను రెండేళ్ళు చదివిన పర్యావరణ పాఠాల్లో సగం ఆ రెండు వాక్యాల్లో ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇలా దాచే హక్కు మనకి ఎవరో దయతో ఇచ్చింది కాదు. మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల కోసం 2001లో మన పార్లమెంటు ఒక చట్టం చేసింది. రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, చల్లుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. తరతరాలుగా పండిస్తున్న రకాన్ని రైతుల రకంగా, తమ పేరున, తమ ఊరి పేరున నమోదు చేయించుకోవచ్చు. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన చేసింది. అందులో 31వ అధికరణంలో విత్తనాలు, వాటి గురించిన జ్ఞానం ఆదివాసులవేనని ఉంది. చదువుకున్నవాళ్ళుగా మన పని ఇక్కడ ఉంది. విత్తనం మామ్మ దాస్తుంది, దరఖాస్తు మనం నింపాలి.

మన అరకు కొండలు దాటితే కోరాపుట్ జిల్లా. అక్కడి పరజ ఆడమనిషి కమలా పూజారి ఊరూరూ తిరిగి దేశవాళీ వరి విత్తనాలు సేకరించి దాచింది. పరజలంటే మన పోర్జ చుట్టాలే. 2019లో ఆమెకి పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆమె కాలం చేసింది. కోరాపుట్ ఆదివాసుల సాగు పద్ధతిని ప్రపంచానికి ముఖ్యమైన వ్యవసాయ వారసత్వమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లోనే గుర్తించింది. అదే గాలి, అదే వాన, అదే కొండ మనవి కూడా.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా చెప్తాను. విదేశంలో తెల్లవాళ్ళు మెచ్చుకున్నారు కాబట్టి మన తిండి గొప్పదని నేను ఇక్కడికి చెప్పడానికి రాలేదు. అలా అనుకుంటే రేపు వాళ్ళకి మోజు తీరగానే మనమూ మానేస్తాం. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమన్నారు. పట్నం దుకాణాల్లో సామలు అందమైన ప్యాకెట్లలోకి వచ్చాయి. అదే ఏడాది మా మామ్మ విత్తనాల బుర్ర ఖాళీ చేసింది. ఆ సామీ ఆవిడ కూడా నన్ను మెచ్చుకోలేదు. ప్రశ్న అడిగింది, నాకు జవాబు రాలేదు, అంతే.

అందుకే మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాను.

మొదటిది, ఈ వారం ఇంటికెళ్ళాక మీ ఇంట్లో పెద్దామె దగ్గర ఒక పూట కూర్చోండి. మన గింజలు, దుంపలు, ఆకుకూరలు, పుట్టగొడుగులు ఎన్నో, వాటి పేర్లేమిటో రాయండి. మన భాషలో ఏ పేరుంటే ఆ పేరే రాయండి. ఎప్పుడు తెస్తారు, ఎలా విషం తీస్తారు, ఎవరు తినకూడదు, అదీ రాయండి. ఫోన్లో గొంతు రికార్డు చెయ్యండి. డింసా ఆడి రీళ్ళు పెట్టే ఫోన్‌కి ఇది పెద్ద పనేం కాదు.

రెండోది ఇంజనీరింగ్, ఐటీఐ, డిప్లొమా చదివేవాళ్ళకి. సామలు, కొర్రలు పొట్టు తీసే చిన్న యంత్రాలు ఇప్పుడున్నాయి. మా ఊరికి ఇంకా రాలేదు. నాలుగూళ్ళకి ఒకటి వచ్చి, అది పాడైతే బాగుచేసేవాడు మనవాడే అయితే, మా అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. రోకలి బరువు దించకుండా సంస్కృతి గురించి మన అమ్మలకి పాఠాలు చెప్పొద్దు.

మూడోది, వచ్చే ఏడాది మన సమావేశానికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక గుప్పెడు విత్తనాలు తీసుకురండి. దంచనివి. పేరు, ఊరు, ఇచ్చినవాళ్ళ వివరం కాగితం మీద రాసి తెండి. ఇక్కడే మార్చుకుందాం.

మొన్న జూలై ఆఖర్లో చదువు ముగించుకుని ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్నే మామ్మతో పొలానికి వెళ్ళాను. కాఫీ తోట అంచున చిన్న చెక్క. సామ మోకాలి ఎత్తు ఉంది, మధ్యలో కంది మొక్కలు. ఒకవైపు వానకి కొంత కొట్టుకుపోయింది. మిగిలింది పచ్చగా ఉంది. ఇంకో నెలలో కొత్త. ఈసారి సంతలో కొనాలో అక్కర్లేదో ఇంకా తెలీదు, వాన మీద ఉంది. మామ్మ ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టి, "ఇది సామ కాదు, కలుపు. తేడా చూడు" అంది. ఇరవై నాలుగేళ్ళొచ్చి, ఆ రోజే మొదటిసారి తేడా చూశాను. రెండూ ఒకలాగే ఉన్నాయి. మళ్ళీ చూపించమన్నాను. మళ్ళీ చూపించింది.

అడిగితే చెప్పడానికి ఆవిడ ఇంకా ఉంది. మీ ఇంట్లో కూడా ఎవరో ఉన్నారు. ఆలస్యం చెయ్యకండి.